లంగోటి మీద ఇటుకరంగు మరక

మార్చి 9, సోమవారం

ఈ రోజు నుంచి చుక్కకు గుడ్డలే కట్టాలని నిర్ణయించుకున్నాను. డిపోలో డైపర్ ప్యాకెట్ ధర మళ్ళీ పెంచారు. చుక్క పుట్టినప్పటి నుంచి పుట్టగొడుగుల షెడ్డులో నాకు సగం షిఫ్టే ఇస్తున్నారు. వచ్చే ఆ సగం జీతం కాస్తా ఏడు నెలల పిల్ల నడుము చుట్టూనే తిరిగిపోతోంది.

మా అమ్మవి కాటన్ చీరలు రెండున్నాయి. ఎండలకు తాళలేక ఊళ్ళన్నీ ఖాళీ చేసి జనం ఇప్పుడు లోనూరు అని పిలిచే ఈ పాత బొగ్గుబాయిలోకి దిగినప్పుడు మూటలో తెచ్చుకున్నవి. ఎన్ని ఉతుకులు చూశాయో, పట్టుకుంటే వెన్నలా ఉన్నాయి. కత్తెర పెట్టేటప్పుడు చెయ్యి కాసేపు ఆగింది. ఆ తరవాత ఆగలేదు.

ఓదెలు సంతోషిస్తాడనుకున్నాను. చెప్పులు తెగితే తీగ చుట్టి ఏడాది నడిపించిన మనిషి నా భర్త. నీళ్ళ ఆఫీసులో, విద్యాధర్ సారు కింద, వాల్వులు తిప్పే పని. షిఫ్టు దిగి వచ్చి, మంచం మీద పరిచిన గుడ్డ ముక్కలను చూసి ముఖం అదోలా పెట్టాడు.

"గివెందుకే?"

"చుక్కకు లంగోటీలు. ఇగ డైపర్లు బంద్."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"ఉతుకుడు, ఆరేసుడు... నీకు శాన కష్టమైతది. డైపర్లే కొను. పైసలు నేను తెస్త."

నా కష్టం గురించి ఓదెలు ఇంత గట్టిగా మాట్లాడింది పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. పైసలు ఎక్కడినుంచి తెస్తావని అడిగితే చుక్కను ఎత్తుకున్నాడు. మనసులోనే పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు. అందుకే రాసి పెడుతున్నాను.

మార్చి 12, గురువారం

మూడు రోజులుగా ఇల్లంతా తడి. నేను కట్టిన లంగోటి కట్టినట్టే జారిపోతోంది. చివరికి పక్కింటి రాజవ్వ చూడలేక లోపలికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిది. నలుగురు పిల్లలను పైన, వెలుతురులో పెంచిందట.

"అట్ల కాదు బిడ్డా. ముందుగాల మూల మడువు. నడుమ ఇంకో మడత పెట్టు. ఆడపిల్లకు ఎనుక దిక్కు మందం ఉండాలె." పిన్నీసు గుచ్చేటప్పుడు తన వేళ్ళు లోపల అడ్డం పెట్టింది, పిల్లకు గుచ్చుకోకుండా. "ఇగ సూడు, ఎట్ల తంతదో తన్ననియ్."

ఉతికిన గుడ్డలను గాలిబాయి దగ్గర తాడు మీద ఆరేశాను. పైనుంచి వేడిగాలి దిగే ఆ గొట్టం దగ్గర ఏదైనా అప్పడంలా ఎండిపోతుంది. మడిచి గూట్లో పెట్టుకుంటే, చాలా రోజుల తరవాత ఇంట్లో ఏదో నా చేతిలో ఉన్నట్టు అనిపించింది.

సాయంత్రం ఓదెలు చొక్కా లోపలినుంచి డైపర్ ప్యాకెట్ తీసి గూట్లో, ఆ గుడ్డల మీదే పెట్టాడు.

"పైసలెక్కడియి?"

"ఓవర్‌టైం చేసిన."

"మీ ఆఫీసుల ఓవర్‌టైం ఎప్పటిసంది ఇస్తున్నరు?"

"ఇస్తున్నరు తియ్."

ప్యాకెట్ నేను విప్పలేదు.

మార్చి 17, మంగళవారం

నీళ్ళు సరిపోవడం లేదు.

మా గల్లీలో ప్రతి ఇంటి ముందూ ఒక నల్లా, నల్లాకొక మీటరు. రోజు కోటా పూర్తయితే నల్లా దానంతటదే బందైపోతుంది. పొద్దున్నే కోటా మొత్తం డ్రమ్ములోకి పట్టుకుంటాం; ఎంత పట్టామన్నది మీటరు చెప్పిందే లెక్క. గుడ్డలకు ఎంత కావాలో ముందే ఆలోచించుకున్నాను. వంటకు, తాగడానికి తీసి పక్కన పెట్టి, నేను ఒళ్ళు తుడుచుకోవడంతో సరిపెట్టుకుని, ఆ మిగిలిన దాంట్లోనే ఉతుకుతున్నాను. అయినా మధ్యాహ్నానికే చెంబు డ్రమ్ము అడుగును గీరుతోంది.

డ్రమ్ము ఉండేది గుమ్మం బయట. నేను చుక్కను తీసుకుని షెడ్డుకు పోయే పూట అక్కడ ఎవరూ ఉండరు. ఉండేది రాజవ్వ ఒక్కతే. ఒక్క ప్రాణానికి అంత పెద్ద డ్రమ్ము ఎందుకు అన్న ఆలోచన ఇన్నాళ్ళూ రాలేదు. ఈ రోజు వచ్చింది. వచ్చాక ఇక పోలేదు.

డ్రమ్ము మూతకు గొలుసు చుట్టి తాళం వేశాను.

రాజవ్వ గుమ్మంలో కూర్చుని అంతా చూసింది. ఆ తాళం ఎవరి కోసమో అర్థం కాని మనిషి కాదు. లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. నాకు సిగ్గేసింది. అయినా తాళం తీయలేదు.

మార్చి 20, శుక్రవారం

తాళం వేసినా నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోతున్నాయి. అంటే రాజవ్వ కాదు. ఈ మాట ఆమెతో చెప్పడానికి నోరు రావడం లేదు.

పొద్దున చుక్క లంగోటి విప్పితే తడిసిన చోట ఇటుకరంగు మరక కనిపించింది. వేలితో రాస్తే పొడిలా అంటింది. ఇన్నాళ్ళూ లేతగా కనిపిస్తే పాత చీర రంగనుకుని ఉతికేశాను, ఈ రోజు ముదిరింది. తుప్పు నీళ్ళేమో అనుకున్నాను. సబ్బు మీద అనుమానం వచ్చింది, గాలిబాయి దుమ్ము మీద కూడా వచ్చింది. కొత్త గుడ్డ కట్టాను. రెండు గంటల తరవాత విప్పితే మళ్ళీ అదే రంగు.

ఆ గుడ్డ పట్టుకుని దవాఖానకు పరుగెత్తాను. నర్సు సరోజన మొదట విసుక్కుంది.

"డైపర్ కడితే ఈ లొల్లే ఉండది గదమ్మా" అంటూనే గుడ్డను దీపం కిందికి జరిపి చూసింది. మరి విసుక్కోలేదు. చుక్క నాలుక చూసింది, పొట్ట మీద చర్మం పట్టి వదిలింది, తూకం వేసి పాత తూకాలతో పోల్చుకుంది.

"జనవరిసంది బరువు పెరగలె. పిల్లకు నీళ్ళు తక్కువైతున్నయి స్వరూపా. మూత్రం చిక్కబడితే ఇట్ల పొడి దిగుతది. నువ్వు దూపకు సరిపడ తాగుతున్నవా?"

"తాగుతున్న" అన్నాను. అది నిజం కాదు. చాలా రోజులుగా మా ఇంట్లో ఎవరం దూప తీరేదాకా తాగడం లేదు.

"మరి గుడ్డలు కట్టకముందు నాకెందుకు కనపడలె?" అని అడిగాను.

"డైపర్ల ఏం కనపడతది? లోపలి జెల్లు అంతా మింగుతది. పైన తడి గీత నీలంగైతే తీసి పారేస్తవ్. నువ్వే కాదు, ఎవ్వలు సూస్తరు?"

ఇంటికి వచ్చి ఓదెలుకు చెప్పాను. ఏ తండ్రయినా ఇది ఏమిటి, ఎందుకొచ్చింది అని అడుగుతాడు. ఓదెలు ఏమీ అడగలేదు. ఆ గుడ్డను చేతిలో పట్టుకుని మంచం అంచున కూర్చుండిపోయాడు. కొత్త సంగతి విన్న ముఖం కాదది.

మార్చి 24, మంగళవారం

నాలుగు రోజులుగా ఓదెలును గమనిస్తున్నాను. మా ఇంట్లో నీళ్ళు తగ్గుతున్నాయి. ఓదెలు చేతికి ఎక్కడినుంచో పైసలు వస్తున్నాయి. వాల్వులు తిప్పేది అతనే. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఒక్కటే తోచింది: మా గల్లీ నీళ్ళు మళ్ళించి ఎవరికో అమ్ముతున్నాడు. కన్నబిడ్డ నోటి దగ్గరి నీళ్ళు అమ్ముకుని, దానికే డైపర్లు తెస్తున్నాడు.

షెడ్డుకు సెలవు పెట్టి అతని వెనకే వెళ్ళాలనుకున్నాను. చుక్కను ఎవరి దగ్గర వదలాలి? గల్లీ మొత్తం మీద నాకున్నది రాజవ్వే. పోయి ఆమె తలుపు ముందు నిలబడ్డాను. ఆమె నన్ను చూసింది, డ్రమ్ము మీది తాళాన్ని చూసింది. రెండు చేతులూ చాచి పిల్లను తీసుకుంది.

"జెప్పున రా. పాలకు ఏడుస్తది" అంది. అంతే.

ఓదెలు మధ్యాహ్నం విరామంలో క్యాంటీన్‌కు పోలేదు. డిపో వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. అతను వెనుదిరిగిపోయేదాకా ఆగి, డిపో మనిషిని నిలదీశాను.

"మా ఆయన నీకేం అమ్ముతున్నడు?"

అతను భయపడ్డాడు. "అమ్ముడేంది అక్కా! భోజనం టోకెన్లు ఇచ్చి డైపర్లు తీస్కపోతడు. పగటి బువ్వ తిని ఎన్ని దినాలాయెనో. ఎక్కువేం తీస్కుంటలేను, మీ పిల్ల మీదొట్టు."

తిరిగి వచ్చి చుక్కను తీసుకున్నాను. నా మొగుడు దొంగ కాదు. సంతోషించాల్సింది. కానీ అంతకంటే పెద్ద అనుమానం మొదలైంది. నేను గుడ్డలు ఉతకకుండా ఆపడానికి ఒక మనిషి తన బువ్వ ఎందుకు మానుకుంటాడు?

మార్చి 25, బుధవారం

పొద్దున తాళం తీసేశాను. తీసి, రాజవ్వ ముందు పెట్టాను.

"తప్పయింది అవ్వా."

"పోనీ తియ్. నా డ్రమ్ము కూడా పగటికే ఒడుస్తున్నది. నేను నిన్ను అనుకున్న" అంది రాజవ్వ. "పిల్ల గుడ్డలకు నా నీళ్ళు తీస్తున్నవేమో, తియ్యనీ అనుకున్న."

ఆమె దగ్గర పాత నూనె క్యాన్ ఒకటుంది. ఐదు లీటర్లని దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. దాన్ని మా నల్లా కింద పెట్టి తిప్పాను. మీటరు ఐదు చూపించగానే కట్టేశాను. క్యాన్ నిండలేదు. నీళ్ళు మూతికి బెత్తెడు కింద ఆగిపోయాయి. రాజవ్వ నల్లా దగ్గర పట్టినా అంతే.

సాయంత్రం ఓదెలు వచ్చేసరికి ఆ క్యాన్‌ను మంచం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. అతను క్యాన్‌ను చూశాడు. తలుపు వేశాడు.

"ఎప్పటిసంది?" అన్నాను.

"జనవరి."

"మీటర్లు ఎవలు మార్చిండ్రు?"

"విద్యాధర్ సారు చెప్తే మేమే మార్చినం. నలుగురం. కింద సంపుల నీళ్ళు దిగిపోతున్నయి స్వరూపా. పోయిన వానలకు నిండలె. ఉన్నది వానకాలం దాకా సాగాలంటే అందరికి తగ్గియ్యాలె. చెప్పి తగ్గిస్తె జనం నల్లాల మీద పడి కొట్టుకుంటరన్నడు. బయట పెట్టినోన్ని పైకి పంపిస్తనన్నడు."

ఎండకాలంలో పైకి పంపడమంటే ఏమిటో లోనూరులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ ఎండలో రెండో రోజు దాకా బతికినవాళ్ళు లేరు.

"నేను పోతే మీరిద్దరేం గావాలె? అందుకే నోరు మూసుకున్న. డైపర్లు కడితే ఉతుకుడు ఉండది, ఆ నీళ్ళు నువ్వు తాగుతవనుకున్న."

"నాకు చెప్తె నేను తాగుదు గద! నాకు తెల్వకపాయె. నేను పక్కింటామెను దొంగ అనుకున్న. నిన్ను దొంగ అనుకున్న. నీ బిడ్డ లోపల్లోపల ఎండిపోతుంటె నువ్వు దాని మీద డైపర్ కప్పినవ్."

ఓదెలు ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. కలిగితే బాగుండుననిపించింది, కానీ కలగలేదు.

మార్చి 27, శుక్రవారం

క్యాన్ ఒక్కటే చూపిస్తే క్యాన్ సొట్ట పోయిందంటారు. నాకు ఇంకా గట్టిది కావాలి.

మా గల్లీలో, పక్క గల్లీలో చంటిపిల్లల తల్లులు చాలామందే ఉన్నారు. మిగిలిన గుడ్డలు పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. ఒక్క పూట డైపర్ విప్పి ఇది కట్టి చూడమన్నాను. భాగ్య నన్ను లోపలికి కూడా రానివ్వలేదు.

"మీ ఆయన నీళ్ళ ఆఫీసే గద. ఏం సూసి రమ్మన్నడు మా ఇంట్ల?"

"ఏం లేదు భాగ్యా. నా పిల్లకు వచ్చింది మీ పిల్లగానికి గూడ వచ్చిందేమో సూడుమంటున్న."

"నా కొడుక్కు ఏం రాలె" అని తలుపు వేసింది. గుడ్డను మాత్రం గుమ్మం మీదే వదిలి వచ్చాను.

మార్చి 28, శనివారం

భాగ్య పొద్దున్నే వచ్చింది. చేతిలో గుడ్డ. ఆమె ముఖం చూశాక గుడ్డ చూడక్కరలేదనిపించింది. అయినా చూశాను. మా చుక్కది ఇటుకరంగు. వాళ్ళ అబ్బాయిది ఇంకా ముదురు.

ఆమె వెనక ఇంకా కొందరున్నారు.

మార్చి 30, సోమవారం

నిన్న ఆదివారం. గల్లీలన్నీ కలిసే నల్లా చౌరస్తాకు అందరం వెళ్ళాం. రాజవ్వ క్యాన్ మోసింది. తల్లులు గుడ్డలను అక్కడి పైపు మీద వరసగా వేశారు. ఎవరూ ఏమీ అరవలేదు. చూసినవాళ్ళు ఆగారు, ఆగినవాళ్ళను చూసి ఇంకొందరు ఆగారు. చౌరస్తా నిండిపోయింది.

విద్యాధర్ సారు వచ్చాడు. వెనక ఓదెలు, మరో ముగ్గురు వాల్వు మనుషులు.

"ఏందమ్మా ఇది? పిల్లలకు దవాఖాన ఉన్నది. మీటర్లతోని ఏం సంబంధం? మీటర్లు కరెక్టుగనే ఉన్నయ్."

భాగ్య అక్కడి నల్లా మీటరు ఐదు చూపించేదాకా క్యాన్‌లోకి పట్టి చూపించింది. సారు నవ్వాడు. "ఇరవై ఏండ్ల ప్లాస్టిక్ డబ్బా. దానికన్న మీటరును నమ్మండ్రి. మీకు నా మీద నమ్మకం లేకుంటే, ఇగో, ఈమె పెనిమిటినే అడుగుండ్రి. ఓదెలూ, చెప్పు. మీటర్లు కరెక్టా, కాదా?"

నేను ఓదెలు వైపు చూడలేదు. చుక్కను గట్టిగా పట్టుకుని నేల చూస్తున్నాను. కరెక్టే సారు అంటాడనుకున్నాను. ఆ మాట అన్న తరవాత మూట కట్టుకుని ఎక్కడికి పోవాలో కూడా ఆలోచించుకుంటున్నాను.

"ఐదు అని చూపిస్తె మూడున్నరే వస్తది" అన్నాడు ఓదెలు.

సారుతో కాదు, జనంతో అన్నాడు. జనవరి, సంపు, నలుగురు, పైకి పంపుతానన్న బెదిరింపు, అన్నీ చెప్పాడు. "నా చేతుల్తోనే మార్చిన. నా ఇంటి మీటరు గూడ నేనే మార్చిన."

జనం ఒక్కసారి కదిలారు. ఎవరో సారు చొక్కా పట్టుకున్నారు. ఆయన నిజంగానే భయపడ్డాడు.

"ఇగో, ఇదే! ఇది కావద్దనే చెప్పలె! నీళ్ళు లేవంటే ఒకలి మీద ఒకలు పడి చస్తరనే భయంతోని..."

"సారూ" అంది రాజవ్వ. పెద్దగా అనలేదు, కానీ ముందు వరసవాళ్ళు ఆగారు. "చెప్పకుంటెనే పడ్డం. ఈ పిల్ల నన్ను దొంగ అనుకున్నది. నేను ఈ పిల్లను దొంగ అనుకున్న. పెండ్లాము మొగున్ని దొంగ అనుకున్నది. నువ్వు చెప్తె నీ ఒక్కని మీదనే కోపం వస్తుండె."

పట్టుకున్న చొక్కాను ఆ చెయ్యి వదిలేసింది.

ఏప్రిల్ 6, సోమవారం

పాత మీటర్లు మళ్ళీ పెట్టారు. కోటా తగ్గించారు, ఈసారి అందరి ముందు చెప్పి. పాలిచ్చే తల్లులకు, చంటిపిల్లలకు ముందుగా ఇచ్చి, మిగిలింది అందరూ పంచుకోవాలని చౌరస్తాలోనే ఒప్పుకున్నారు. గొణిగినవాళ్ళున్నారు. ఆరో నంబర్ బాయిలో నిలిచిన పాత నీళ్ళను పైపు వేసి తెచ్చి వడకట్టే పనికి మనుషులు పేర్లిస్తున్నారు. విద్యాధర్ సారు ఇప్పుడు ఆ పైపులు మోసే గుంపులో ఉన్నాడు. ఆయనను పైకి పంపాలని కొందరన్నారు. వద్దన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

గుడ్డలు ఇప్పుడు ఇంటింటా ఉతకడం లేదు. మా రెండు గల్లీల లంగోటీలనూ ఒకే గంగాళంలో ఉడకబెడుతున్నాం. ఒక్కో ఇంటికి నాలుగు చెంబులైనా పట్టడం లేదు. జాడించిన నీళ్ళు పుట్టగొడుగుల షెడ్డుకు పోతున్నాయి. డిపోలో డైపర్ ధర తగ్గించారు, కొనేవాళ్ళు లేక.

చుక్క గుడ్డ నాలుగు రోజులుగా తెల్లగా ఉంటోంది. సరోజన తూకం వేసి తల ఊపింది.

ఓదెలును వాల్వుల పనిలోనే ఉంచారు. రోజూ పొద్దున సంపులో నీళ్ళు ఎంతున్నాయో చూసి వచ్చి చౌరస్తాలో చెప్పడం అతని కొత్త పని. అతను చెప్పింది నిజమో కాదో చూడటానికి రోజుకొక గల్లీ నుంచి ఒకరు అతనితో కిందికి దిగాలని పెట్టుకున్నారు. అది పెట్టించింది నేనే. ఓదెలు ఒక్క మాట అడ్డం చెప్పలేదు.

మా ఇద్దరి మధ్య మాటలు ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. నీళ్ళు తాగావా అని అడిగితే తాగిన అంటాడు. నేను గ్లాసు వంచి చూస్తున్నాను. టోకెన్లు లెక్కపెట్టమని తనే నా ఒళ్ళో వేస్తున్నాడు.

ఏప్రిల్ 11, శనివారం

ఈ రోజు దిగే వంతు నాది. చుక్కను రాజవ్వకు ఇచ్చి ఓదెలుతో కలిసి వెళ్ళాను. ఇనుప మెట్లు చాలా ఉన్నాయి. ఇక్కడే పుట్టి పెరిగినా సంపును ఎప్పుడూ చూడలేదు. చీకట్లో నల్లగా, కదలకుండా, నేననుకున్న దానికంటే ఎంతో దిగువన ఉన్నాయి నీళ్ళు. గోడ మీద పాత మట్టాల గీతలు ఒకదాని కింద ఒకటి, అన్నీ పొడిగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఓదెలు వాల్వుల పని మీద రోజూ ఇక్కడికి వచ్చి, ఈ గీతలను ఒక్కడే చూసి, ఇంటికి వచ్చి ఏమీ కానట్టు అన్నం తిన్నాడు. ఎంత కష్టపడి ఉంటాడో నాకు ఇప్పుడే తెలిసింది. క్షమించానో లేదో మాత్రం ఇంకా తెలియలేదు.

అతను లాంతరు నా చేతికిచ్చి పక్కకు జరిగాడు. కొలిచే కర్రను నేనే దించాను. పైకి తీసి తడిసిన చోటు చూశాను. పొద్దున చౌరస్తాలో అతను చెప్పిన కొలతే.

"సూసినవా?" అన్నాడు.

"సూసిన."

"మల్లొకసారి సూడు."

కర్రను తుడిచి మళ్ళీ దించాను.